11,000 రైళ్ళు

బార్బరా టక్‌మన్ 1962లో రాసిన 'ది గన్స్ ఆఫ్ ఆగస్ట్' నేను మొదటిసారి చదివింది ఎయిర్‌పోర్టుల్లో. సోమవారం పొద్దున్న క్లయింటు ఊరికి పోవడం, గురువారం రాత్రి ఇల్లు చేరడం. మొదటి ప్రపంచ యుద్ధం ఎందుకొచ్చిందంటే అప్పటికి నాకు తెలిసిన జవాబు హైస్కూలు సోషల్ పుస్తకంలోదే. సరయేవోలో ఆస్ట్రియా యువరాజును చంపారు, యుద్ధం వచ్చింది. నాలుగు మార్కులు.

ఈ పుస్తకంలో నన్ను కట్టిపడేసిన ఘట్టం 1914 ఆగస్టు 1 సాయంత్రం బెర్లిన్‌లో జరుగుతుంది. ఫ్రాన్స్ జోలికి పోకపోతే బ్రిటన్ తటస్థంగా ఉండొచ్చని లండన్‌లోని జర్మన్ రాయబారి నుంచి తంతి వచ్చింది. కైజర్ విల్‌హెల్మ్ పొంగిపోయి, సైన్యాన్ని మొత్తం తూర్పుకి, రష్యా మీదికి తిప్పమన్నాడు. సేనాధిపతి మోల్ట్‌కె కుదరదన్నాడు. 11,000 రైళ్ళు, ఏ రైలు ఏ నిమిషానికి ఏ వంతెన దాటాలో ముందే రాసిపెట్టిన టైమ్‌టేబుల్. ఇప్పుడు మారిస్తే మిగిలేది సైన్యం కాదు, ఒట్టి జనం గుంపు అని వాదించాడు. రాజు మాట చెల్లలేదు. టైమ్‌టేబుల్ చెల్లింది.

మా వృత్తిలో ఉన్నవాళ్ళెవరికైనా ఇది భలే నచ్చుతుంది. మనుషులు మంచివాళ్ళే, సిస్టమ్ అదుపు తప్పింది! 1969లో ఎ.జె.పి. టేలర్ ఈ వాదాన్నే ఇంకా ముందుకు లాగి 'వార్ బై టైమ్‌టేబుల్' అని ఏకంగా పుస్తకమే రాశాడు. నేనూ చాలాకాలం స్నేహితుల దగ్గర ఈ కథే చెప్పి మెప్పు పొందాను.

తర్వాత ఒక కంపెనీకి పేరోల్ సిస్టమ్ మార్చే పనికి నేను లీడ్‌ని. శుక్రవారం రాత్రి కటోవర్. లెక్కల్లో తేడా వస్తోందని టీములో అందరికంటే చిన్నమ్మాయి మధ్యాహ్నమే వచ్చి చెప్పింది. "ఇప్పుడు ఆపడం కుదరదమ్మా, అంతా కదిలిపోయింది" అన్నాను. ఆ వారం కొన్ని వందలమందికి జీతాలు తప్పుగా పడ్డాయి. అవసరమైతే పాత సిస్టమ్‌కి మళ్ళే ఏర్పాటు మొదట్లో మా ప్లానులో ఉండేది. ఖర్చు తగ్గించడానికి మూడు నెలల ముందు దాన్ని కొట్టేసింది నేనే. రిపోర్టులో మాత్రం కారణం 'షెడ్యూలు ఒత్తిడి' అని రాశాను.

ఆ తర్వాత పుస్తకం మళ్ళీ తీస్తే, మొదటిసారి దాటేసిన సంగతి కంటపడింది. జర్మన్ రైల్వే విభాగం అధిపతి జనరల్ స్టాబ్ యుద్ధం అయ్యాక తన శాఖకి జరిగిన అవమానం భరించలేక, సైన్యాన్ని తూర్పుకి తిప్పడం సాధ్యమేనని పటాలతో సహా ఒక పుస్తకం రాశాడు. ఈ సంగతి టక్‌మనే చెబుతుంది, చెప్పి ముందుకి పోతుంది. ఆమె ఆగవలసింది అక్కడే. తూర్పుకి మళ్ళే ప్రత్యామ్నాయ ప్లాను 1913 దాకా జర్మన్ల దగ్గర ఉండేది. ఏటా దాన్ని సవరించే పని ఆ ఏడాది మాన్పించింది మోల్ట్‌కేనే. అంటే 'కుదరదు' అన్నది రైళ్ళు చెప్పిన మాట కాదు, ఏడాది ముందే ఒక మనిషి తీసుకున్న నిర్ణయం.

పుస్తకంలో అసలు లోటు ఇంకొకటుంది. ఆస్ట్రియా, సెర్బియాల రంగాన్ని వదిలేశానని రచయిత్రి తనే ఒప్పుకుంటుంది. కానీ జూలై 5న ఆస్ట్రియాకి జర్మనీ ఇచ్చిన హామీ, 23న సెర్బియాకి 48 గంటల గడువుతో వెళ్ళిన అల్టిమేటం లేకుండా ఆగస్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? టక్‌మన్ పుస్తకానికి ఏడాది ముందే, 1961లో, జర్మన్ చరిత్రకారుడు ఫ్రిట్జ్ ఫిషర్ సొంత దేశపు దస్త్రాలు తవ్వి బాధ్యులెవరో వేలుపెట్టి చూపించాడు. స్వదేశంలో తిట్లు తిన్నాడు. ఫిషర్ చెప్పినవన్నీ నిలబడలేదు, అయినా ఆయన అడిగినది మనుషుల గురించి. 2012లో వచ్చిన క్రిస్టఫర్ క్లార్క్ 'ది స్లీప్‌వాకర్స్' బాల్కన్ల కథని బాగా పూరించింది. ఆ పేరు మాత్రం నాకు మింగుడుపడదు. నిద్రలో నడిచేవాడు అల్టిమేటానికి గడువు పెడతాడా?

టక్‌మన్‌కి న్యాయం చేయాలంటే ఇదీ చెప్పాలి. 1962 అక్టోబరు క్యూబా సంక్షోభంలో కెనెడీ మనసులో మెదిలింది ఈ పుస్తకమే. చదివి ఒక మనిషి జాగ్రత్తపడ్డాడు. లూవేన్ గ్రంథాలయం తగలబడిన వైనం, గోబెన్ అనే జర్మన్ నౌక తప్పించుకుని టర్కీ చేరిన అధ్యాయం ఇప్పటికీ ఊపిరి బిగబట్టి చదువుతాను. ఆ నౌకను బ్రిటిష్ వాళ్ళు తరమడాన్ని రెండేళ్ళ పాపగా ఒక స్టీమరు మీంచి ఆమె చూసింది కూడా.

ఆ నౌక వెళ్ళాక టర్కీ యుద్ధంలోకి దిగింది. దాంతో మెసొపొటేమియా. 1916 ఏప్రిల్‌లో కుట్‌లో లొంగిపోయిన దాదాపు 13,000 మందిలో ఎక్కువమంది భారతీయ సైనికులు. భారతదేశాన్ని యుద్ధంలోకి దింపింది లండన్ ప్రకటన ఒక్కటే, ఇక్కడివాళ్ళని అడిగినవాడు లేడు. దేశం దాటి వెళ్ళినవాళ్ళు పది లక్షలు పైనే.

టక్‌మన్ కథ సెప్టెంబరు మొదటివారంలో, మార్న్ యుద్ధం ముంగిట, ముగుస్తుంది. 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ నౌక మద్రాసు మీద గుళ్ళు కురిపించింది. రేవు దగ్గర బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు అంటుకున్నాయి. మన జిల్లాలన్నిటికీ అప్పుడు రాజధాని ఆ ఊరే. జనం మూటాముల్లే సర్దుకుని ఊరు వదిలారు. వాళ్ళలో ఎంతమందికి మోల్ట్‌కె పేరు తెలుసు?