సాక్షి చెక్క, ముద్దాయి మనిషి

బొమ్మలాట అనగానే పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టడం మనకు అలవాటైపోయింది. నిజానికి మన తోలుబొమ్మలాట తెల్లవార్లూ ఆడింది పెద్దవాళ్ళ కోసమే. జుట్టుపోలిగాడు, బంగారక్క విసురుకునే బూతు చమత్కారాలు పసివాళ్ళను ఉద్దేశించినవి కావు. జపాన్‌ బొమ్మలాట బున్‌రాకు సంగతీ అంతే. 1703లో చికమత్సు రాసిన ‘సొనెజాకి షింజూ’ ఒక దుకాణం గుమాస్తా, ఒక వేశ్య కలిసి ప్రాణాలు తీసుకున్న కథ. బొమ్మలతో పెద్దలకు చెప్పదగ్గ మాటలు ఇంకా ఉన్నాయని మన కాలంలో గట్టిగా చూపించిన నాటకం, నా లెక్కలో, దక్షిణాఫ్రికాది. పేరు ‘ఊబూ అండ్ ద ట్రూత్ కమిషన్’. తొలి ప్రదర్శన 1997లో.

ఆ ముందటేడు ఏప్రిల్‌లోనే అక్కడ డెస్మండ్ టూటూ అధ్యక్షతన సత్య, సయోధ్య కమిషన్ బహిరంగ విచారణలు మొదలయ్యాయి. జాతివివక్ష పాలనలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు, చిత్రహింసలు పడ్డవాళ్ళు వచ్చి తమ తమ భాషల్లో చెప్పుకున్నారు. హింసించినవాళ్ళు రాజకీయ కారణంతో చేసిన నేరాలను దాచకుండా ఒప్పుకుంటే క్షమాభిక్ష కోరవచ్చు. ఇదంతా రేడియోలో, టీవీలో దేశమంతా వింటోంది. దర్శకుడు విలియం కెంట్రిడ్జ్, రచయిత్రి జేన్ టేలర్ ముందు పడ్డ చిక్కు ఇది: నిన్నగాక మొన్న కొడుకు శవాన్ని గుర్తుపట్టిన తల్లిగా ఏ నటి నటించాలి? ఎంత బాగా ఏడిస్తే అంత ఎబ్బెట్టు. మన కళ్ళు ఆ తల్లిని వదిలేసి నటి ప్రతిభను మెచ్చుకోవడంలో పడతాయి.

వాళ్ళు వెతుక్కున్న దారి సూటిగా ఉంది. హింసించినవాళ్ళను మనుషులు ఆడతారు. సాక్షులు మాత్రం చెక్కబొమ్మలు.

బొమ్మలు హ్యాండ్‌స్ప్రింగ్ పప్పెట్ కంపెనీవి. 1981లో కేప్‌టౌన్‌లో ఏడ్రియన్ కోలర్, బాసిల్ జోన్స్ తమ మిత్రులతో కలిసి పెట్టిన బృందం అది. మొదట్లో పిల్లల నాటకాలే వేసి, 1985 నుంచి పెద్దల వైపు మళ్ళారు. కోలర్ చెక్కే ముఖాల్లో నునుపుదనం వెతక్కూడదు. ఉలి గాట్లు అలాగే వదిలేస్తాడు. పెదవి కదలదు, కనురెప్ప వాలదు. తల కాస్త వంగితే చాలు, గాట్ల మీద పడే వెలుగునీడలు మారి ముఖంలో ఏదో కదిలినట్టుంటుంది. ఆ కదలిక చెక్కలో లేదు, చూసేవాడి ఊహలో ఉంది. అంత పని ప్రేక్షకుడి చేత చేయించడం మాటలు కాదు.

ఆడించేవాళ్ళు తెర వెనక దాక్కోరు, నల్ల ముసుగులూ వేసుకోరు. సాక్షి పక్కనే ఒదిగి కనిపిస్తారు. అసలు విచారణల్లో కూడా సాక్షి పక్కన ఓదార్చడానికి ఒక మనిషి కూర్చునేవారు. ఆ సంగతి తెలిసినవాళ్ళకు బొమ్మ వీపున ఆనిన చెయ్యి ఒకేసారి రెండు పనులు చేస్తున్నట్టు తోస్తుంది. బొమ్మ తన భాషలోనే మాట్లాడుతుంది. గాజు గదిలోంచి దుబాసీ ఆ మాటల్ని ఇంగ్లీషులో చెబుతాడు. ఆ గాజు గదే వేరే దృశ్యాల్లో నేరస్థుడు ఊబూ ఒళ్ళు కడుక్కునే స్నానాలగది అవుతుంది. నాటకంలో ఇంతకన్నా ఘాటైన ఏర్పాటు మరొకటి నాకు కనబడలేదు.

హ్యాండ్‌స్ప్రింగ్ పద్ధతికి మూలం ఊపిరి. బొమ్మ మాట్లాడేలోపు దాని ఛాతీ లేవాలి, మాట అయ్యాక దిగాలి. ఆడించేవాడి చూపు బొమ్మ మీదనుంచి జరగకూడదు. అతను ఎటు చూస్తే మనమూ అటే చూస్తాం. 2007లో లండన్ నేషనల్ థియేటర్‌లో ‘వార్ హార్స్’ నాటకం కోసం వీళ్ళు పేము బద్దలతో కట్టిన నిలువెత్తు గుర్రంలోనూ సూత్రం ఇదే. తల దగ్గర ఒకరు, గుండె దగ్గర ఒకరు, వెనక కాళ్ళ దగ్గర ఒకరు. మధ్యలో ఉన్న మనిషి మోకాళ్ళు వంచి లేస్తుంటే గుర్రం డొక్కలు ఎగసిపడతాయి. ముగ్గురి ఊపిరీ ఒక్కటి కాకపోతే అది పేము బుట్టే. పైన స్వారీ చేసే నటుడి బరువు కూడా వాళ్ళదే. బొమ్మలాటను చేతివేళ్ళ విద్య అనుకునేవాళ్ళు ఆ మోకాళ్ళను చూడాలి.

ఇక మనుషుల వైపు. ఊబూ అనే తిండిపోతు నిరంకుశుణ్ణి 1896లో పారిస్ రంగస్థలం మీదికి తెచ్చింది ఆల్ఫ్రెడ్ జారీ. కెంట్రిడ్జ్ ఊబూ రహస్య పోలీసు బాపతు. బనీను, లోదుస్తులతో రంగమంతా తొక్కుకుంటూ తిరుగుతాడు. డేవిడ్ మినార్ శరీరంతో చేసిన పాత్ర ఇది, మాట దాని తర్వాతే. రాత్రిళ్ళు ఎక్కడికి పోతున్నాడో తెలియక భార్య పరాయి ఆడదాన్ని అనుమానిస్తుంది. అతను స్నానం చేస్తుంటే వెనక తెర మీద కెంట్రిడ్జ్ గీసిన బొమ్మల్లో మనుషుల అవయవాలు నీళ్ళతో కొట్టుకుపోతుంటాయి.

జంతువులూ బొమ్మలే. బ్రూటస్ అనే కుక్కకు మూడు తలలు, పొట్ట ఒక పాత సూట్‌కేసు. నైల్స్ అనే మొసలి ఊబూ అందించిన కాగితాల్ని నమిలి మింగుతుంది. పాలన మారే రోజుల్లో ప్రభుత్వ కార్యాలయాల్లో దస్త్రాలు నిజంగానే కట్టలకొద్దీ నాశనమయ్యాయి. కుక్క మీద విచారణ జరిగినప్పుడు మూడు తలలకూ మూడు రకాల తీర్పులు పడతాయి. రాజకీయం నడిపిన తల సుఖంగా బయటపడుతుంది, చెప్పిన పని చేసిన తలకు అన్నిటికన్నా పెద్ద శిక్ష.

ఒక లోపం చెప్పుకోవాలి. కెంట్రిడ్జ్ తెరబొమ్మలు, వాటి మధ్య వచ్చే అసలు వార్తాచిత్రాలు కొన్నిచోట్ల రంగస్థలాన్ని మింగేస్తాయి. ఇంత నిదానంగా కదిలే చెక్కముఖానికి అంత వేగంగా పరిగెత్తే తెర పోటీకి రావడం నాకు నచ్చదు. దోషులకే ఎక్కువ నవ్వు, ఎక్కువ సమయం ఇచ్చారన్న ఆక్షేపణతో మాత్రం ఏకీభవించలేను. కమిషన్ ముందు నోరున్న దోషికి దక్కింది అదే కదా. 2014లో నాటకాన్ని మళ్ళీ కట్టినప్పుడు కూడా ఆ తూకాన్ని వాళ్ళు మార్చలేదు. అందులో ఊబూకు ఉరీ లేదు, జైలూ లేదు. పెళ్ళాంతో, మొసలితో పడవెక్కి దర్జాగా వెళ్ళిపోతాడు.