నిర్దయకూ నిష్ఠూరానికీ నడుమ

దయ లేకపోవడాన్ని చెప్పే తెలుగు మాటలు రెండు తీరులుగా కనిపిస్తాయి. నిర్దయ, నిష్కరుణ వంటి సంస్కృత సమాసాలు ‘లేదు’ అనే అర్థమిచ్చే ఉపసర్గతో మొదలై మనసులోని లోటును చెబుతాయి. కసరడం, ఈసడించడం, దెప్పడం, ఎత్తిపొడవడం వంటి దేశ్య క్రియలు ఆ లోటు నోటి వెంట ఏ రూపంలో వెలువడిందో చెబుతాయి. కసరడంలో కోపం ఉంటుంది, ఈసడించడంలో ఏవగింపు ఉంటుంది, దెప్పడంలో మాత్రం పాత తప్పునో, చేసిన మేలునో పనిగట్టుకొని గుర్తుచేసే గుణం ఉంటుంది కనుక అన్నిటికన్నా ఎక్కువ కాలం నొప్పించేది అదేననడం న్యాయం.

ఈ రెండు తీరులకూ పూర్తిగా చెందని మాట నిష్ఠూరం. దాని ప్రత్యేకత, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో, అర్పా నది ఒడ్డున ఉన్న సర్కండా వంటి పేటల్లో, ఇంట తెలుగూ బడిలో హిందీ వినే పిల్లలకు వివరించవలసి వచ్చినప్పుడు స్పష్టమవుతుంది. సంస్కృతంలో ‘నిష్ఠుర’ అంటే కఠినమైన, క్రూరమైన అని అర్థం. హిందీ ఆ అర్థాన్నే నిలుపుకొని, మనసు కరగని మనిషిని ‘నిష్ఠుర్’ అంటుంది. తెలుగు వాడుకలో అది, తనవారనుకున్నవారు తనను పట్టించుకోలేదని నొచ్చుకొని అనే మాటగా మారింది. పెళ్లికి పిలవలేదని మేనత్త నిష్ఠూరమాడుతుంది గాని దారిన పోయే మనిషి ఆడడు. అంటే హిందీలో బంధం తెగిన తీరును చెప్పే పదమే తెలుగులో బంధం మిగిలి ఉందనడానికి సాక్ష్యమవుతుంది. అంత్యనిష్ఠూరం కన్న ఆదినిష్ఠూరం మేలన్న సామెత కూడా, తరువాత మనసులు విరగడం కన్న ముందే నొచ్చుకోవడం నయమని, సంబంధం నిలవాలన్న కోరికతోనే పుట్టింది.

బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885) మొదలుకొని తెలుగు నిఘంటువులు పర్యాయపదాలతో అర్థం చెప్పే పద్ధతిని బాగా వాడుకున్నాయి. ఆ పద్ధతి నిర్దయకు చాలుతుంది, ఎందుకంటే నిర్దయకు ఎదుటివాడు ఎవరైనా ఒకటే. నిష్ఠూరం, దెప్పిపొడుపు వంటి మాటలకు మాత్రం ఎవరు, ఎవరితో, ఏ చనువుతో అంటారో కూడా రాయాలి. తెలుగు నేల నుంచి దూరంగా పెరిగే పిల్లలకు ఆ వివరం నిఘంటువు ఇవ్వకపోతే, అమ్మమ్మ నిష్ఠూరాన్ని వారు హిందీ అర్థంలో విని ఆమెను దయలేనిదనుకొనే ప్రమాదం నిజంగా ఉంది.