పేరు ముందు డాక్టరు

అల్లూరులో సువార్త కూటాల ఫ్లెక్సీ చూసి ఈ వారం కాలమిస్టుకు మళ్లీ చిర్రెత్తింది. బోధకులందరి పేర్ల ముందూ 'డాక్టర్' ఉంది. ఎక్కడ చదివారో, దేనిమీద పరిశోధించారో మాత్రం లేదు. ఈ శీర్షికకు అలవాటుపడ్డవాళ్లకు కొత్తేం కాదు, గౌరవ డాక్టరేట్లంటే ఈయనకు పాత కక్ష.

ఆ కక్షకు గట్టి సాక్షులే ఉన్నారు. నాలుగో శతాబ్దపు సన్యాసి ఎవాగ్రియస్ లెక్కలో నిజంగా ప్రార్థించేవాడే దైవశాస్త్రవేత్త. లిసియూ తెరేసా ఏ కాలేజీ గడపా తొక్కలేదు, 24 ఏళ్లకే కన్నుమూసింది. అయినా 1997లో పోపు ఆమెను 'డాక్టర్ ఆఫ్ ది చర్చ్' అన్నాడు.

అంత దూరం ఎందుకు, మనకు ఎర్రగుంట్ల పేరయ్య లేడూ?

ఒంగోలుకు పడమట తాళ్లకొండపాడు ఆయన ఊరు. మాదిగ, తోళ్ల వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే రాజయోగం సాధన చేసినవాడు. బేరానికి ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు మిషనరీల నోట క్రీస్తు సంగతి విన్నాడు. 1866లో మిషనరీ జూయెట్ దొర చేత బాప్తిస్మం పొంది, తనను యోగిగా ఎరిగిన వాడలకే వెళ్లి కొత్త మార్గం చెప్పాడు. జనం కదిలారు. దాంతో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌకు చిక్కొచ్చిపడింది. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామన్నారు పై కులాలవాళ్లు. సంఘం ఎవరిది? పుస్తకాల్లోని ఆ ప్రశ్న గుమ్మంలోకొచ్చి నిలబడింది. క్లౌ మాదిగల పక్షానే నిలిచాడు.

1876-78 కరువులో ఇంకో ప్రశ్న. అల్లూరుకు తూర్పున పారే బకింగ్‌హాం కాలువలో కొంత మేర తవ్వకం క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మాలు మాత్రం ఏడాదికి పైగా ఆపేశాడు. అన్నం కోసం వస్తున్నారో, క్రీస్తు కోసం వస్తున్నారో తేలాలి కదా! కరువు పనులు ముగిశాక కూడా జనం తగ్గలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు.

కాబట్టి పట్టాలెందుకు, పేరయ్య చాలడా అని ఇక్కడితో ముగించవచ్చు. కానీ పేరయ్య మనకు ఎలా తెలిశాడు?

ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వల్ల. స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో పరిశోధించి డాక్టరేటు తెచ్చుకున్న మిషనరీ. తర్వాత క్లౌ భార్య అయింది. మాదిగ పెద్దలు చెప్పినవి విని, వాళ్ల గురువులెవరో, నమ్మకాలేమిటో గుచ్చి గుచ్చి అడిగి 1899లో 'వైల్ సోయింగ్ శాండల్స్' అనే పుస్తకం వేసింది. 1914లో వచ్చిన క్లౌ ఆత్మకథ కూడా ఆమె కలం నుంచి వచ్చిందే. ఆ చదువే లేకపోతే పేరయ్య తన వాడల జ్ఞాపకంలోనే ఉండిపోయేవాడు. ప్రార్థనకు అడిగేవాళ్లూ, నిలదీసేవాళ్లూ, రాసిపెట్టేవాళ్లూ కావాలని కాలమిస్టు, ఇష్టం లేకపోయినా, ఒప్పుకోక తప్పడం లేదు.

అలాంటి చదువు ఈ తీరానికి కొత్త కాదు. రామాయపట్నంలో వేదాంత పాఠశాల 1872లో మొదలైంది. మరుసటి ఏడు అల్లూరు మిషన్ కేంద్రమైంది. ఈ తీరాన గృహ కూడికల్లో అమ్మమ్మలు చెప్పే సాక్ష్యాలను ఓ విద్యార్థి ఓపికగా విని, అవి వాక్యంతో ఎక్కడ పొసగుతాయో, ఎక్కడ పొసగవో వాదించి సిద్ధాంత గ్రంథం రాస్తే కాలమిస్టు మొదటి ప్రతి కొంటాడు. షరతు ఒక్కటే: వైవా ఆ అమ్మమ్మల ముందే జరగాలి.