చచ్చిందన్న బ్యాటరీకి నిదానమే మందు

"బ్యాటరీ చచ్చిందన్నా" అంటూ బండి తోసుకొచ్చినవాణ్ణి అనుభవమున్న మెకానిక్ మొదట అడిగేది వోల్టేజీ గురించి కాదు. "ఎన్నాళ్ల నుంచి తియ్యలేదు?" అంటాడు. రాత్రంతా తాళం ఆన్‌లో మరిచిపోయిన బండిది ఒక కథ. గల్ఫ్ నుంచి సెలవుకొచ్చిన జగిత్యాల కుర్రాడు పట్టా తీసి చూసుకునే, రెండేళ్లుగా వసారాలో నిలబడ్డ బండిది మరో కథ. మొదటిది సొమ్మసిల్లింది. రెండోది చాలావరకు పోయినట్టే. ఈ తేడా పట్టుకోవడంలోనే సగం పనితనం ఉంది.

బండి బ్యాటరీ లోపల జరిగేది 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే సీసపు రేకులతో చేసి చూపించిన పనే. పన్నెండు వోల్టుల పెట్టెలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. కరెంటు వాడేకొద్దీ యాసిడ్‌లోని సల్ఫేటు ప్లేట్లకు పడుతుంది. వెంటనే ఛార్జింగ్ పెడితే మళ్లీ యాసిడ్‌లోకి దిగిపోతుంది. వదిలేస్తే పలుకులు కట్టి గట్టిపడుతుంది. దాన్నే సల్ఫేషన్ అంటారు. ఊరికే పెట్టిన బ్యాటరీ కూడా తనంతట తాను దిగిపోతూనే ఉంటుంది, వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ దిగడం దాదాపు రెట్టింపవుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో రేకుల షెడ్డు కింద నెలల తరబడి ఆగిన బండి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

పెట్టె ఉబ్బినా, పగిలినా అక్కడితో ఆపాలి. బాగుంటే ఎర్త్ వైరు ముందు విప్పి, బిగించేటప్పుడు చివర బిగించాలి. టెర్మినళ్ల మీద పూసిన తెల్లటి పొడిని వంట సోడా నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. ఆ నీళ్లు మాత్రం మూతల్లోంచి లోపలికి పోకూడదు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది మూతలు తీశాకే. ప్లేట్లు ఎండి కనబడతాయి, యాసిడ్ పోయిందనుకుని దుకాణంలో యాసిడ్ కొని పోస్తారు. అసలు యాసిడ్ ఎక్కడికీ పోలేదు, ప్లేట్లలో సల్ఫేటుగా దాక్కుంది. ఆవిరైపోయింది నీళ్లు మాత్రమే. పైనుంచి ఇంకాస్త యాసిడ్ పోస్తే దాని గాఢత, అంటే గ్రావిటీ, పెరిగి, రెండు రోజులు బాగున్నట్టే ఉండి, ఆ తర్వాత ప్లేట్లనే తినేస్తుంది. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్. అదీ ముందు ప్లేట్లు మునిగేంతవరకే. ఛార్జింగ్‌లో మట్టం పైకి వస్తుంది కాబట్టి, పై గీతదాకా నింపడం ఆఖరున చేసే పని.

ఇక కరెంటు. లెక్క తేలికే: 5 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అందులో పదో వంతు, అంటే అర ఆంపియరు. పదీ పన్నెండు గంటలు పడుతుంది, బాగా దిగిపోయినదైతే ఇంకా ఎక్కువ. కారు ఛార్జర్ తగిలించి గంటలో ఇచ్చేసే షాపులున్నాయి. ఆ వేడికి ప్లేట్ల మీది పూత రాలుతుంది, అందుకే నేను వాటి జోలికి పోను. ఛార్జర్‌కు కరెంటు తగ్గించే బటన్ లేకపోతే పాతవాళ్లకు ఒక ఉపాయం ఉంది. ఛార్జర్‌కీ బ్యాటరీకీ మధ్య సిరీస్‌లో 12 వోల్టుల ఇండికేటర్ బల్బు పెడతారు. ఒక ఆంపియరు దాటనివ్వదు. మొదట ప్రకాశంగా వెలిగి, బ్యాటరీ నిండేకొద్దీ మందగిస్తుంది, మీటరు లేకపోయినా పరిస్థితి చెబుతుంది. సెల్స్‌లో బుడగలు లేస్తాయి. ఐదింటిలో లేచి ఒకదానిలో లేవకపోతే అనుమానం దాని మీదే. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంది, దగ్గర్లో బీడీ వెలిగించకూడదు. క్లిప్పులు పెట్టాకే స్విచ్ వెయ్యాలి.

ఇప్పటి తెలివైన ఛార్జర్లు మరీ దిగిపోయిన బ్యాటరీని బ్యాటరీగానే గుర్తించవు, పని చెయ్యమంటే మొరాయిస్తాయి. అప్పుడు మంచి బ్యాటరీ ఒకటి ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి కాసేపు తోడు పెట్టి, ఛార్జింగ్ మొదలయ్యాక తీసేస్తారు.

నిండిందనుకున్నాక వెంటనే బిగించకండి. ఒక రాత్రి ఊరికే వదిలి పొద్దున్న మీటరు పెట్టాలి. 12.6 దగ్గర నిలిస్తే బతికింది. 10.5 దగ్గర ఆగితే ఆరు సెల్స్‌లో ఒకటి షార్టయిందన్నమాట, ఆ 2.1 లెక్క సరిగ్గా కనిపిస్తుంది. హైడ్రోమీటర్‌తో గ్రావిటీ చూసినా తెలుస్తుంది: అన్ని సెల్స్ 1.260 పైన ఉండి ఒకటి చాలా కిందికి ఉంటే ఆశ వదులుకోవచ్చు. బిగించాక ఇంజన్ రేజ్ చేసి టెర్మినళ్ల దగ్గర 13.5 నుంచి 14.5 వరకు వస్తుందో లేదో చూడాలి. రాకపోతే తప్పు బ్యాటరీది కాదు, రెగ్యులేటర్‌దో కాయిల్‌దో.

ఆస్పిరిన్ బిళ్ల వేస్తే లేచి కూర్చుంటుందనే చిట్కా ఇంకా తిరుగుతోంది. దానివల్ల పుట్టే ఎసిటిక్ యాసిడ్ సీసాన్నే కొరుకుతుంది, కొన్నాళ్ల ఊపిరికి ప్లేట్ల ఆయుష్షు పెట్టుబడి. సీల్డ్ బ్యాటరీ మూత ఊడబీకి నీళ్లు పోయడమూ నాకు నచ్చని పనే. వాటిని సరైన వోల్టేజీతో నెమ్మదిగా ఛార్జ్ చేసి చూడటమే, లేవకపోతే వదిలెయ్యడమే.

బ్యాటరీ దిగిపోయినా కిక్కు కొట్టి పని కానిచ్చుకున్న రోజులు ఎక్కువ బండ్లకు పోయాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చాలా బండ్లకు ఫ్యూయల్ పంపు కరెంటు మీదే తిరుగుతుంది, పూర్తిగా దిగితే తోసినా స్టార్ట్ కాకపోవచ్చు. అందుకే ఊరెళ్లేవాళ్లకు పాత షాపుల సలహా ఒకటే: ఎర్త్ వైరు విప్పి వెళ్లండి, నెలకోసారి ఇంట్లోవాళ్లతో ఛార్జింగ్ పెట్టించండి.

ఇక లేవదని తేలినదాన్ని కొత్త బ్యాటరీ కొనే దుకాణంలోనే ఇచ్చెయ్యాలి. పాతదానికి కొంత ధర తగ్గిస్తారు, ఆ సీసం కరిగి మళ్లీ ప్లేట్లవుతుంది. యాసిడ్‌ను మోరీలో పారబోసి ఉత్త సీసం తూకానికి అమ్మేవాడికి మాత్రం దాన్ని ఇవ్వకండి.