తేదీ చీటీ చెప్పని సంగతి

ప్రజా గ్రంథాలయమునుండి తెచ్చుకొన్న పుస్తకమును తెరవగానే లోపలి అట్టకు అంటించిన తేదీ చీటీ కనబడును. ముద్రలు దండిగా పడిన పుస్తకము ప్రజలు మెచ్చినదనియు, చీటీ తెల్లగా నున్నది ఎవరికిని అక్కరలేనిదనియు అనుకొనుట మనకు అలవాటైనది. నవలలు, పోటీ పరీక్షల పుస్తకములు చేతులు మారుచుండగా సైన్సు గ్రంథములు బీరువాలోనే యుండుట చూచి, ‘మన పిల్లలకు విజ్ఞానశాస్త్రముపై రుచి లేదు’ అని నిట్టూర్చు ఉపాధ్యాయులు అనంతపురమున కలరు. ఈ తీర్పు చిన్న విషయము కాదు. 1960 నాటి చట్టము ననుసరించి జిల్లా గ్రంథాలయ సంస్థకు మనము ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు చెల్లించుచున్నాము. తెల్ల చీటీలను నమ్మి ఆ సొమ్ముతో పుస్తకములు కొన్నచో, చిక్కిన బీరువా మరింత చిక్కిపోవును.

ఈ ప్రాంతపువారికి వర్షమాపకము కొత్త కాదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆ అంకె వేరుశెనగ రైతుకు ఏమి చెప్పును? ఊడలు దిగువేళ చినుకు లేక నేల గట్టిపడి, కాయ పెరుకువేళ కుండపోతగా కురిసినను మొత్తము 550 కావచ్చును. మాపకము అబద్ధమాడలేదు, రైతు అడిగిన ప్రశ్న వేరు. తేదీ చీటీయు అట్టిదే. పుస్తకము గడప దాటినదని మాత్రమే అది చెప్పును. తీసికొన్నవాడు చదివినాడా, పది పుటలకే మూసినాడా, ఇంటిల్లిపాది చదివినారా, ఒక ఉపాధ్యాయుడు తరగతి కంతటికి వినిపించినాడా, దానికి తెలియదు. పఠనమందిరములోనే కూర్చుండి చదివినవాడు ఆ లెక్కలో లేనే లేడు. ఇక బీరువాలో లేని పుస్తకమునకు ముద్ర ఎట్లు పడును?

బ్రిటనులో 1979 నాటి చట్టము ప్రకారము, అరువుకు పోయిన పుస్తకములకుగాను రచయితలకు కొంత సొమ్ము ముట్టును. ఎంపిక చేసిన కొన్ని గ్రంథాలయముల లెక్కలనుండి దేశపు లెక్కను అంచనా వేయుదురు. నవలా రచయిత్రి కేథరిన్ కుక్సన్ చాల ఏండ్లు అగ్రస్థానమున నిలిచినది. సొమ్ము పంచుటకు ఆ పద్ధతి మంచిదే. పాఠకుని మనసు కొలుచుటకు చాలదు.

జనాదరణగల నవలలను చిన్నచూపు చూచుట కూడ నాకు సమ్మతము కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను తీసికొనుడు. ఆధారములు సేకరించుట, ఒక ఊహ చేయుట, దానికి పొసగని చిన్న సంగతి కనబడగానే ఊహను విడుచుట: ఇది ప్రయోగశాలలో మనము నేర్పదలచిన దారియే. ఆ పుస్తకము చదివిన పిల్లవానికి రుచి లేదనుట అన్యాయము. సైన్సు పుస్తకము వానికి ఆ ఉత్కంఠను ఇచ్చుచున్నదా అని అడుగవలెను. మన పుస్తకములు పెక్కు నిర్వచనముతో మొదలగును; ప్రశ్న పాఠము చివరనెక్కడనో ఉండును!

యాకొవ్ పెరెల్మాన్ 1913లో రష్యనులో వెలువరించిన వినోద భౌతికశాస్త్రము ఇందుకు భిన్నమైనది. కాగితపు పాత్రలో నీరు మరిగించవచ్చునా, మంచు కటకముతో నిప్పు రగిల్చవచ్చునా అని అతడు ముందే కవ్వించును. అది తెలుగులోనికి కూడ వచ్చినది. అయినను ఒక లోపము చెప్పక తప్పదు. అందలి మంచు, చలి మన పిల్లలకు దూరము. మన బ్రతుకునకు దగ్గరైన పుట అందులో లేకపోలేదు. కాని నీటిని చల్లబరచు ఆ మట్టికూజా స్పెయిను, ఈజిప్టు పేర్లతో ఉన్నది. మన ఇంటి మూలనున్న కడవయే అదియని పిల్లవానికి చెప్పువారు కావలెను.

చెప్పిన తరువాత వాడు పుస్తకమును దాటి పోవును. బందరు కడవకన్న అనంతపురము కడవ ఏల ఎక్కువ చల్లన? గాలి 40 డిగ్రీలు, తేమ 20 శాతము ఉన్న మధ్యాహ్నమున తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము సుమారు 23 డిగ్రీలు చూపును. గాలి 36 డిగ్రీలే యైనను తేమ 60 శాతము ఉన్నచో అది 29 వద్దనే ఆగును. కడవలోని నీరు అంతకంటె చల్లబడజాలదు. మన కరవు గాలి మనకు చేయు ఉపకారము ఇదొక్కటే కాబోలు.

వేసవిలో రెండు కొత్త కడవలు తెచ్చి, ఒకదానికి వెలుపల నూనె రంగు పూసి ఆరనిండు. రెంటిలోను సమానముగా నీరు పోసి, మూతలు పెట్టి, నీడలో గాలి తగులుచోట నుంచుడు. ఉదయము 10 గంటలకు, సాయంత్రము 4 గంటలకు తూచి, నీటి ఉష్ణోగ్రత చూడుడు. తగ్గిన ప్రతి గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల వేడిని తీసికొనిపోయినది. రంగు పూసిన కడవ ఎంత తగ్గినదో వేరుగా వ్రాసికొనుడు.