హెచ్చరించు యంత్రములు, రక్షించు యంత్రములు

జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనలకు వెళ్లువారికి కొన్ని నమూనాలు ఏటేటా కనిపించుచుండును. మద్యము వాసన తగిలినచో మోటారు సైకిలును కదలనీయని హెల్మెట్ ఒకటి. డ్రైవరు కన్ను మూసినచో మ్రోగు కళ్లద్దములు మరియొకటి. నాడిని, రక్తములోని ఆక్సిజన్‌ను కొలిచి, ఆపద వచ్చినచో ఇంటివారికి ఫోనులో కబురు పంపు చేతిపట్టీ ఇంకొకటి. వీనిని తయారుచేసిన బాలబాలికల శ్రద్ధ మెచ్చుకొనదగినదే. మన దేశములో 2022లో 4,61,312 రహదారి ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరని కేంద్ర రవాణా శాఖ నివేదిక తెలుపుచున్నది. మృతులలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై వెళ్లినవారే. ఇట్టి స్థితిలో విద్యార్థుల దృష్టి ఈ సమస్యపై పడుట సహజము, అవసరము కూడ.

అయితే మెచ్చుకొనుట వేరు, విలువ కట్టుట వేరు. బహుమతి నిర్ణయించు సమయమున “ఇది పనిచేయుచున్నదా?” అను ప్రశ్న ఒక్కటే తరచుగా వినబడును. దీపము వెలిగినది, గంట మ్రోగినది, కనుక పనిచేయుచున్నదని తేల్చివేయుదురు. ప్రాణరక్షణకై ఉద్దేశించిన సాధనమునకు ఈ పరీక్ష చాలదు. అది ఏ క్షణమున పనిచేయును? పొరపడినప్పుడు ఏమగును? ధరించువాని నుండి అది ఏమి కోరును? ఈ మూడు ప్రశ్నలను కూడ అడుగవలెను.

ఈ ప్రశ్నలకు నిలిచిన సాధనమును ఒకదానిని ముందుగా చూతము. నిల్స్ బోలిన్ స్వీడన్ దేశపు ఇంజనీరు. ఆపద సమయమున పైలటును విమానము నుండి బయటకు ఎగురవేయు ఆసనముల నిర్మాణములో పనిచేసిన అనుభవముతో ఆయన 1958లో వోల్వో కార్ల కంపెనీలో చేరెను. అప్పటి కారు బెల్టులలో అనేకము నడుము మీదుగా మాత్రమే పోయెడివి. కారు గుద్దుకొన్నప్పుడు నడుము ఆగినను మొండెము ముందుకు వంగి తల దెబ్బతినెడిది. కడుపులోని అవయవములు నలిగెడివి. బోలిన్ 1959లో రొమ్ము మీదుగా ఏటవాలుగా ఒక పట్టీని, నడుము మీదుగా ఒక పట్టీని పోనిచ్చి, రెండింటిని తుంటి ప్రక్కన ఒకేచోట బిగించు ఏర్పాటు చేసెను. బలము మెత్తని కడుపు మీద గాక, ఛాతీ, తుంటి ఎముకల మీద పడును. ఒక్క చేతితో పెట్టుకొనవచ్చును. ఆ కంపెనీ ఈ పేటెంటును ఇతర తయారీదారులు కూడ ఉపయోగించుకొనుటకు వదలివేసెను.

ఇందులోని భౌతికశాస్త్రము ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసినదే. గంటకు 36 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 10 మీటర్లు. ఆ వేగముతో పోవు శరీరము గట్టి తలమునకు తగిలి 5 సెంటీమీటర్లలో ఆగినదనుకొందము. వేగము యొక్క వర్గమును దూరమునకు రెట్టింపుతో భాగించినచో, ఋణ త్వరణము సెకను వర్గమునకు 1000 మీటర్లని తేలును. అది గురుత్వ త్వరణమునకు ఇంచుమించు నూరు రెట్లు. అదే శరీరము, నలుగుచున్న కారుతోపాటు బెల్టునకు కట్టుబడి 50 సెంటీమీటర్లలో ఆగినచో, ఆ విలువ పదిరెట్లకు తగ్గును. బెల్టు చేయునదెల్ల ఆగు దూరమును పెంచుటయే. అది ఏ ప్రమాదమును ముందుగా పసిగట్టదు, ఎవరిని హెచ్చరింపదు. కాని ప్రమాదము జరుగు ఆ క్షణముననే పనిచేయును. బోలిన్ చేసిన బెల్టునకు బ్యాటరీతో పనిలేదు. పెట్టుకొనవలెనను ఒక్క విషయము మాత్రము మనిషికి వదలివేసినది. ఆ కొరతను తీర్చుటకు చట్టము కావలసివచ్చెను. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము 1970లో బెల్టు ధారణను తప్పనిసరి చేసి ఇతరులకు దారి చూపెను.

హెల్మెట్ కూడ ఈ సూత్రము మీదనే ఆధారపడినది. పై డిప్ప దెబ్బను విస్తరింపజేయును. లోపలి థర్మోకోల్ పొర నలిగిపోవుచు తల ఆగు దూరమును పెంచును. 61 అధ్యయనములను పరిశీలించి 2008లో ప్రకటించిన ఒక సమీక్ష ప్రకారము, హెల్మెట్ వలన మరణ ప్రమాదము నూటికి 42 వంతులు, తలగాయముల ప్రమాదము 69 వంతులు తగ్గును. ఇప్పుడు ప్రదర్శనలోని “తెలివిగల హెల్మెట్” సంగతి చూడుడు. బ్యాటరీకి, తీగలకు, సెన్సరునకు చోటు చేయుటకై విద్యార్థి ఆ థర్మోకోల్ పొరనే కోయుచున్నాడు. తలకు రెండంగుళముల దూరములో గట్టి బ్యాటరీని అమర్చుచున్నాడు. మద్యమును కనిపెట్టు సామర్థ్యము చేరినది గాని, తలను కాపాడు సామర్థ్యము తగ్గినది. న్యాయనిర్ణేతలు దీపము వెలుగుటను చూతురే గాని, హెల్మెట్‌ను తిరగవేసి లోపలికి చూచుట అరుదు.

సెన్సరు సంగతి కూడ ఆలోచింపదగినదే. ఈ నమూనాలలో సాధారణముగా వాడు చవక సెన్సరులో వేడిచేసిన టిన్ ఆక్సైడ్ పొర ఉండును. మద్యపు ఆవిరి తగిలినప్పుడు దాని విద్యుత్ నిరోధము తగ్గును. కాని చేతులకు రాసుకొను శానిటైజరులో ఉన్నది కూడ ఆల్కహాలే. అత్తరుల ఆవిరులు సైతము దానిని కదలించును. గాలిలోని తేమ, వేడి మారినను కొలత మారును. చట్టము నిషేధించునది మద్యపు వాసనను కాదు. 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించిన మద్యమును. ఈ రెండింటికి నడుమ గల దూరమును నమూనా కొలువలేదు. చేతులు శుభ్రపరచుకొని రాత్రి విధులకు బయలుదేరు నర్సు బండి కదలకపోవచ్చును. త్రాగినవాడు త్రాగని మిత్రుని తలకు హెల్మెట్ తగిలించి బండిని కదలించి, తరువాత తాను నడుపవచ్చును. పొరపడిన ప్రతిసారి ఏమగునను ప్రశ్నకు ఇక్కడ సమాధానము లేదు.

నిద్రను పట్టు కళ్లద్దములను లెక్కతో పరీక్షింతము. రెప్ప మీద పరారుణ కిరణమును ప్రసరింపజేసి, కన్ను మూడు సెకనులు మూసియున్నచో గంట మ్రోగునట్లు అమర్చినారనుకొందము. గంటకు 72 కిలోమీటర్ల వేగముతో పోవు లారీ సెకనుకు 20 మీటర్లు కదలును. గంట మ్రోగునప్పటికి లారీ 60 మీటర్లు చూడకయే పోయినది. త్రోవ తప్పుటకు అంతకంటె తక్కువ దూరము చాలును. మూడు సెకనులను అర సెకనునకు తగ్గింతమన్నచో, నలత కన్నులతో నెమ్మదిగా రెప్పవాల్చిన ప్రతిసారి గంట మ్రోగును. పదిమార్లు వట్టిగా మ్రోగిన గంటను డ్రైవరు పదునొకండవ మారు తీసి ప్రక్కన పెట్టును. అందుచేతనే పరిశోధకులు ఒక్క రెప్పపాటును గాక, కొన్ని నిమిషముల కాలములో కన్ను ఎంత భాగము దాదాపు మూతపడియున్నదో లెక్కించి మగతను ముందుగా గుర్తించుటకు ప్రయత్నించుచున్నారు. విద్యార్థి కూడ ఆ మార్గమున పోవచ్చును. దీనికి మరియొక పార్శ్వము కలదు. రవాణా కార్మికునిచేత సాధారణముగా రోజుకు 8 గంటలకు మించి పని చేయింపరాదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము చెప్పెను. నిద్రలేని మనిషికి కళ్లద్దములు తగిలించి బండి నడిపించుట కంటె, అతనిని నిద్రపోనిచ్చుట మేలైన సాధనమని ఉపాధ్యాయులు తరగతిలో చెప్పవలెను.

ఇక ఆరోగ్యమును కొలుచు ధరింపు సాధనములు. వీనికి పూర్వరూపమును అమెరికాలోని మోంటానా రాష్ట్రమునకు చెందిన నార్మన్ హోల్టర్ నిర్మించెను. నడచు మనిషి గుండె విద్యుత్ సంకేతములను రేడియో ద్వారా పంపుటకు ఆయన 1940ల చివర చేసిన మొదటి పరికరము 38 కిలోగ్రాముల మూపుసంచి. 1961లో ఆయన తన పద్ధతిని ‘సైన్స్’ పత్రికలో వివరించునప్పటికి అది చిన్న పెట్టెగా మారినది. హోల్టర్ పరికరము గంట కొట్టలేదు. దినమెల్ల జరిగిన దానిని నమోదు చేసి వైద్యుని ముందుంచినది. తీర్పు చెప్పుట వైద్యుని పనిగానే మిగిలినది. నేటి చేతిపట్టీలు తీర్పును కూడ తామే చెప్పబూనుచున్నవి. చిక్కు అక్కడనే ఆరంభమగుచున్నది.

2021లో కోవిడ్ దినములలో మన ఇండ్లలోనికి వచ్చిన వ్రేలి ఆక్సీమీటరును తీసుకొందము. జపాను ఇంజనీరు తకువో అయోయగి 1974లో రూపొందించిన సూత్రము అందున్నది. ఎర్రకాంతిని, పరారుణ కాంతిని వ్రేలి గుండా పంపి, నాడితోపాటు మారు భాగమును మాత్రమే గ్రహించి ఆక్సిజన్ శాతమును లెక్కకట్టును. అద్భుతమైన ఊహ. కాని చర్మములోని మెలనిన్ కూడ కాంతిని గ్రహించును. మిచిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2020 డిసెంబరులో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఆక్సీమీటరు 92 నుండి 96 వరకు చూపినవారిలో, ధమని రక్త పరీక్షలో ఆక్సిజన్ 88 శాతమునకు తక్కువ తేలినవారు నల్లజాతి రోగులలో నూటికి 11.7 మంది, తెల్లజాతి రోగులలో 3.6 మంది. యంత్రము చెడలేదు, పలు వర్ణముల చర్మముల మీద తగినంతగా పరీక్షింపబడలేదు. నలుపు, చామనచాయ గలవారు అధికముగా నుండు మన ప్రాంతములకు ఇది పరుల సమస్య కాదు.

గుండె లయ తప్పుటను చేతి గడియారముతో గుర్తించు ఒక పెద్ద పరిశోధన 2019 నవంబరులో ప్రచురితమైనది. పాల్గొన్న 4,19,297 మందిలో 2,161 మందికి గడియారము హెచ్చరిక నిచ్చినది. ఛాతీకి అంటించు పరికరమును ధరించి తిరిగి పంపిన 450 మందిలో నూటికి 34 మందికే ఆ వ్యాధి కనిపించినది. మిగిలిన హెచ్చరికలన్నియు అబద్ధములనరాదు; ఈ వ్యాధి వచ్చిపోవుచుండును, పరికరమేమో కొన్ని దినముల తరువాత అంటింపబడినది. రెండు పరికరములు ఒకేసారి ధరించియున్నప్పుడు వచ్చిన హెచ్చరికలలో నూటికి 84 సరియైనవే. ఇది మెచ్చదగిన ఫలితము. అయినను హెచ్చరిక రానివారికి ఛాతీ పరికరమును ఇవ్వలేదు గనుక, గడియారము ఎందరిని గుర్తింపక వదలినదో ఆ పరిశోధన చెప్పజాలదు. “గంట మ్రోగలేదు, కనుక నేను క్షేమము” అనుకొనుటకు ఆధారము లేదన్నమాట.

కావున వచ్చు ప్రదర్శనలో ఉపాధ్యాయులు ప్రతి నమూనా ప్రక్కన ఒక కాగితమును కోరవలెనని మా సూచన. ఎన్నిమార్లు పరీక్షించిరి, ఎందరి మీద, ఏ వయసు వారి మీద, ఏ చర్మపు ఛాయల మీద. ఎన్నిమార్లు వట్టిగా మ్రోగినది, మ్రోగవలసినప్పుడు ఎన్నిమార్లు ఊరకున్నది. బ్యాటరీ అయిపోయినచో ఏమగును. ఈ లెక్కలు అందులో ఉండవలెను. హెల్మెట్ లోపలి పొరను కోసినచో ఆ నమూనాకు మార్కులు తగ్గింపవలెను. వంద పరీక్షలలో తన కళ్లద్దములు పదునాలుగు మార్లు తప్పినవని వ్రాసి, ఎందుకు తప్పినవో వివరించిన బాలిక, తప్పే లేదని చెప్పిన బాలుని కంటె శాస్త్రమునకు దగ్గరగా ఉన్నది. బహుమతి ఆమెకే చెందవలెను.