తోడేలు మలం చెప్పేది ఎంత?

తోడేళ్లలో బతికే పరాన్నజీవులను గురించిన పరిశోధనలో పెద్ద భాగం ఆ జంతువును చేత్తో తాకకుండానే, అది బాటల వెంట విడిచిపోయిన మలాన్ని ఏరి తెచ్చి పరీక్షించడం మీద ఆధారపడి నడుస్తోంది. బతికున్న తోడేలుకు మత్తుమందు ఇచ్చి రక్తం తీయడం ఖర్చుతోను ప్రమాదంతోను కూడిన పని, చచ్చిన తోడేలు కుళ్లకముందే దొరకడం అరుదు; అందువల్ల, నలుగురిలో చెప్పుకోవడానికి అంత సొంపుగా లేకపోయినా, మలపరీక్ష అనే ఈ విద్యకు వన్యప్రాణి వైద్యంలో గట్టి స్థానం ఏర్పడింది. దీనికి ఓర్పు ఎంత కావాలో అనుమానమూ అంతే కావాలి.

అనుమానం ఏరేచోటనే మొదలవుతుంది. తోడేళ్లు తమ హద్దును చాటుకోవడానికి దారులు కలిసేచోట మలం విడిచే అలవాటు కలవి కాబట్టి వెతకడం కొంత సులువే గాని, అదే దారిలో ఊరకుక్క కూడా తిరిగితే రెండింటినీ కంటితో వేరుచేయడం కష్టం. డీఎన్ఏ పరీక్ష చేసేదాకా ఆ నమూనా తోడేలుదని రాసుకోవడం సాహసమే అవుతుంది. నేలకు ఆనిన భాగంలోకి మట్టిలో స్వేచ్ఛగా బతికే సూక్ష్మమైన పురుగులు చేరి పరీక్షకుణ్ని తప్పుదారి పట్టిస్తాయి కనుక నమూనాను లోపలి భాగం నుంచి తీసుకుంటారు. తెచ్చినదాన్ని వెంటనే విప్పరు. ఎకినోకాకస్ అనే బద్దెపురుగు గుడ్లు మనిషి నోటిలోకి పోతే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి పెరిగే నీటితిత్తులకు కారణమవుతాయి. మామూలు ఫ్రీజర్ చలికి అవి చావవు కాబట్టి నమూనాలను మైనస్ 80 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఉంచిన తరువాతే బల్ల మీదికి తెస్తారు.

పరీక్ష సూత్రం చిన్నది. గాఢమైన ఉప్పు లేదా చక్కెర ద్రావణంలో కొద్దిపాటి మలాన్ని కలిపి వడగట్టి, గొట్టాన్ని అంచుదాకా నింపి, పైన పలుచని గాజుబిళ్లను ఆనించి ఉంచితే, ద్రావణం కంటే తేలికైన గుడ్లు పైకి తేలి ఆ గాజుకు అంటుకుంటాయి. సూక్ష్మదర్శిని కింద ఏలికపాము గుడ్డు గుంటలు పడిన మందమైన పెంకుతో, కొంకిపురుగు గుడ్డు పలుచని గోడ లోపల కొద్ది కణాలతో, శ్వాసనాళాల్లో బతికే కేశపురుగుల గుడ్డు రెండు కొసలా బిరడాలు బిగించిన చిన్న పీపాలా కనిపిస్తాయి. బరువైన ఆకుపురుగుల గుడ్లు తేలవు కాబట్టి వాటిని అడుగున పేరుకోనిచ్చి చూడాలి. ఊపిరితిత్తుల పురుగులు గుడ్లుగా కాక పిల్లపురుగులుగా బయటికి వస్తాయి కాబట్టి, గరాటులో గోరువెచ్చని నీరు పోసి, వస్త్రంలో మూటకట్టిన నమూనాను అందులో నాననిచ్చి, ఈదుతూ కిందికి దిగిన వాటిని పట్టుకోవాలి. ఏ ఒక్క పద్ధతీ అన్నింటినీ చూపదు.

చూపినదాన్ని నమ్మడంలోనూ జాగ్రత్త తప్పదు. బద్దెపురుగుల్లో ఎకినోకాకస్ గుడ్డూ, అంత ప్రమాదం లేని టీనియా జాతుల గుడ్డూ ఒకే పరిమాణంలో, ఒకే గీతల పెంకుతో, లోపల ఆరు కొక్కేల పిండంతో ఉంటాయి గనుక ఎంత అనుభవమున్న కన్నయినా వాటిని విడదీయలేదు. తోడేలు తిన్న కుందేలు పేగుల్లోని పురుగు గుడ్లు అరగకుండా బయటికి వస్తే, తోడేలుకు లేని జబ్బు దాని పేరిట నమోదవుతుంది. గుడ్లు రోజూ ఒకే లెక్కన పడవు కాబట్టి ఒక నమూనాలో ఏమీ కనిపించకపోవడం ఆరోగ్యానికి యోగ్యతాపత్రం కాదు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు, పురుగు ఉండటాన్నే రోగమని చదవడం. అమెరికాలోని ఐడహో, మోంటానా రాష్ట్రాల్లో 2006-2008 మధ్య సేకరించిన 123 తోడేళ్ల చిన్నపేగులను పరిశీలించినప్పుడు, రెండు రాష్ట్రాల్లోనూ నూటికి అరవైకి పైగా తోడేళ్లలో ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ కనిపించింది. ఒక్కో పేగులో వేల సంఖ్యలో పురుగులుండటం మామూలే అయింది. కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే ఉండే ఈ పురుగు పేగుగోడను పట్టుకొని బతికినా తోడేలుకు దానివల్ల కలిగే హాని స్వల్పం. భారమంతా గుడ్లు రాలిన గడ్డి మేసే మూస్, ఎల్క్ వంటి పెద్ద దుప్పులది. వాటి ఊపిరితిత్తుల్లో పెరిగే తిత్తులను తోడేలు మాంసంతోపాటు తిన్నప్పుడే పురుగు మళ్లీ పెద్దదవుతుంది. ఆ విధంగా తోడేలు పేగులోని పురుగు దాని జబ్బు కంటే దాని భోజనాన్ని ఎక్కువగా తెలియజేస్తుంది. జర్మనీకి తిరిగివచ్చిన తోడేళ్లలో 53 కళేబరాలను శోధించి 2017లో ప్రకటించిన అధ్యయనం, తోడేళ్ల సంఖ్య పెరిగినకొద్దీ ఒక్కోదానిలోని పరాన్నజీవుల రకాలూ పెరిగాయని తేల్చింది. అంటే తోడేలు లేని కాలంలో తెగిన జీవితచక్రాలు దాని రాకతో మళ్లీ అతుక్కుంటున్నాయన్నమాట. దీన్ని అడవి కోలుకోవడంలో ఒక భాగంగా చూడటమే సబబు.

గజ్జి సంగతి వేరు. సార్కాప్టిస్ అనే సూక్ష్మమైన నల్లివంటి జీవి చర్మంలో సొరంగాలు తవ్వి గుడ్లు పెడుతుంది; దురదకు గోకి గోకి బొచ్చు ఊడిన తోడేలు చలికాలపు రాత్రుల్లో ఒంటి వేడిని నిలుపుకోలేక చిక్కిపోతుంది. దీన్ని మలం చెప్పదు, ఫొటోలూ వేడిని పసిగట్టే కెమెరాలూ చెబుతాయి. 20వ శతాబ్దం తొలినాళ్లలో మోంటానాలో తోడేళ్లను, కయోటీలను రూపుమాపే ఉద్దేశంతో ప్రభుత్వ పశువైద్యులే గజ్జి సోకించిన జంతువులను అడవిలోకి వదిలారు. పశువైద్యం ఇంతకంటే సిగ్గుపడవలసిన పని చేసిన సందర్భాలు తక్కువ. ఎల్లోస్టోన్ పార్కులో 1920ల నాటికి తోడేలు మాయమైంది. 1995, 1996లలో కెనడా నుంచి 31 తోడేళ్లను తెచ్చి వదిలిన తరువాత, దాదాపు పదేళ్లకు గజ్జి వాటినీ చేరింది. అక్కడి పరిశోధకులు గమనించిన ముఖ్యాంశం ఏమిటంటే, ఆరోగ్యంగా ఉన్న తోడివాళ్లు చాలినంతమంది ఉన్న గుంపులో గజ్జి సోకిన తోడేలు చావు ముప్పు నుంచి చాలావరకు బయటపడుతుంది. వేటను ఇతరులు నడిపించగా అది తిండికి దూరం కాకపోవడమే ఇందుకు కారణమని భావిస్తున్నారు.

అదే పార్కులో 26 ఏళ్ల రక్తనమూనాలు చూసి 2022లో వెలువరించిన పరిశోధన, పిల్లి జాతి జంతువుల ద్వారా వ్యాపించే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకిన తోడేళ్లు గుంపుకు నాయకులయ్యే అవకాశం మిగతావాటికంటే 46 రెట్లు ఎక్కువని పేర్కొంది. ఈ సంఖ్యను పత్రికలు మక్కువతో ఎత్తుకున్నాయి గాని, పరాన్నజీవి తెగింపును పెంచిందా, తెగింపు గల తోడేలే పిల్లి జాతికి చెందిన ప్యూమాలు తిరిగే చోట్లకు వెళ్లి దాన్ని తెచ్చుకుందా అన్న ప్రశ్నను పరిశీలనతో మాత్రమే పూర్తిగా తేల్చడం కష్టం.

దక్కన్ మెట్టభూముల తోడేలుకు మూస్‌లు లేవు. నంద్యాల జిల్లా రోళ్లపాడు వంటి గడ్డిభూముల్లో అది గొర్రెలు, మేకలు, మందకుక్కల మధ్యనే బతుకుతుంది. ఎకినోకాకస్ గొర్రెకూ కుక్కకూ మధ్య తిరిగే పురుగే కావడం వల్ల ఇక్కడ తోడేలు ఆరోగ్యం మంద ఆరోగ్యంతో ముడిపడి ఉంది. గొర్రెను కోసినప్పుడు నీటిబుడగలున్న కాలేయాన్ని, ఊపిరితిత్తులను కుక్కలకు విసరకుండా లోతుగా పాతిపెట్టాలి. గొర్రెలకు నట్టల మందు తాగించే రోజున కాపరులు పశువైద్యుణ్ని అడిగి మందకుక్కలకు కూడా బద్దెపురుగుల మాత్ర వేయించాలి.